విల్లా కేథర్ పెరిగిన రెడ్ క్లౌడ్: ఏది తప్పక చూడాలి?

నెబ్రాస్కాలో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే డెన్వర్‌కో షికాగోకో బయల్దేరతారు. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్లు ఈసారి రెడ్ క్లౌడ్ వెళ్లి చూడండి. ఒమాహా నుంచి కారులో దాదాపు మూడున్నర గంటలు. కాన్సాస్ సరిహద్దు దగ్గర సుమారు వెయ్యి మంది ఉండే చిన్న ఊరు. 1923లో పులిట్జర్ బహుమతి అందుకున్న అమెరికన్ నవలా రచయిత్రి విల్లా కేథర్ పెరిగింది ఇక్కడే.

1883లో, తొమ్మిదేళ్ల వయసులో వర్జీనియా నుంచి వచ్చింది. చుట్టుపక్కల చెక్, స్వీడిష్, జర్మన్ వలస రైతులు. గుర్రమెక్కి వాళ్ల ఇళ్లకు వెళ్లి, ముసలమ్మలు రొట్టెలు చేస్తూ చెప్పే కబుర్లు వినేది. ఆమె చదువుకున్న అసలు బడి అదేనని నా నమ్మకం.

ఆమెకు సంబంధించిన చోట్లు చూపించే టూర్ ఊరి ప్రధాన వీధిలో 1885 నాటి ఆపెరా హౌస్ నుంచి మొదలవుతుంది. 1890లో ముగ్గురే ఉన్న హైస్కూల్ బ్యాచ్‌లో ఒకరిగా ఆమె ప్రసంగించింది ఈ వేదిక మీదే. మ్యూజియం బాగుంది, గంట చాలు. చిన్ననాటి ఇంట్లో మాత్రం తొందరపడొద్దు. అటక మీద, ఏటవాలు కప్పు కింద ఆమె గది. మందుల షాపులో పనిచేసి సంపాదించి, తనే అంటించుకున్న గులాబీల వాల్‌పేపర్ వెలిసిపోయినా ఇంకా ఉంది. పెద్ద కుటుంబంలో తనకంటూ ఓ మూల దక్కించుకున్న ఆడపిల్ల పట్టుదల అక్కడ కళ్లకు కడుతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఊరికి ఉత్తరాన ఉన్న పావెల్కా వాళ్ల ఇల్లు. కేథర్ 1918లో రాసిన నవల 'మై ఆంటోనియా' కథానాయికకు మూలమైన ఆనా పావెల్కా ఈ ఇంట్లోనే పిల్లల్ని పెంచింది. నవల చివర్లో పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చే నేలమాళిగ ఇంటి పక్కనే ఉంది. మెట్లు దిగి చూస్తే ఎంత ఇరుకో తెలుస్తుంది. అక్కడికి మట్టిరోడ్డు, వాన పడితే బురద.

ఊరికి దక్షిణాన ఐదు మైళ్లలో కేథర్ పేరు మీద 612 ఎకరాల గడ్డిమైదానం ఉంది. టికెట్ లేదు, నీడా లేదు. ఎండ ముదరకముందే నడవండి.

మేం నలభై మైళ్ల దూరంలోని హేస్టింగ్స్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది గానీ ఏసీ మోతకి నిద్ర పట్టలేదు. మళ్లీ వెళ్తే రెడ్ క్లౌడ్‌లోనే ఉంటాం, పొద్దున్నే మైదానానికి వెళ్లొచ్చు. శాకాహారులకు ఊళ్లో పెద్దగా ఏమీ దొరకదు, పులిహోర కట్టుకెళ్లండి. టూర్ మాత్రం ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి.