నీలి కాంతి కెమెరాతో ఎనిమిదేళ్లు

మెదడులో గ్లయోమా అనే గడ్డను తీసేటప్పుడు మమ్మల్ని ఏడిపించేది దాని అంచు. నడిమధ్యలో గడ్డ తేడాగానే ఉంటుంది. చివరికొచ్చేసరికి తెల్ల లైటు కింద ఏది గడ్డో, ఏది మంచి మెదడో కంటికి అందదు. మైక్రోస్కోప్‌కి అమర్చిన నీలి కాంతి కెమెరా నేను వాడేది అక్కడే.

మత్తు ఇవ్వడానికి సుమారు 3 గంటల ముందు పేషెంట్ 5-ఏఎల్ఏ అనే మందును కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన నీళ్లలో కలిపి తాగుతారు. గడ్డ కణాల్లో అది ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థంగా మారి పోగుపడుతుంది. నీలి కాంతి వేస్తే ఎర్రగా వెలుగుతుంది, మంచి మెదడు నీలంగానే ఉంటుంది. మొదట్లో ఒకసారి "ఇక అయిపోయింది" అనుకుని లైటు మార్చాను. గుంత గోడకు నిప్పుకణికలాంటి ముక్క! అసిస్టెంట్ ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది. 2006లో వెలువడిన జర్మనీ ట్రయల్‌లో, ఎంఆర్ఐలో మెరిసే గడ్డను పూర్తిగా తీయగలిగింది మామూలు లైటుతో 36 శాతం మందిలో, దీనితో 65 శాతం మందిలో. ఆ తేడా ఎలా వచ్చిందో నాకు ఆ రోజే అర్థమైంది.

చిరాకులూ ఉన్నాయి. పల్చటి రక్తపు పొర చాలు, ఎరుపు మాయం. గుంత లోతుగా ఉంటే పక్కగోడల మీద కాంతి సరిగా పడదు. ఎక్కువసేపు వెలిగిస్తే రంగు వెలిసిపోతుంది. పైగా ఆపరేషన్ థియేటర్ చీకటి, సిస్టర్‌కి సూది వెతకడం కష్టం. అందుకే రక్తం ఆపే పనంతా తెల్ల లైటులోనే ముగించి, నిమిషమో రెండు నిమిషాలో నీలానికి మారతాను. ఆపరేషన్ తర్వాత కూడా 24 గంటలు పేషెంట్‌ని ఎండకూ గట్టి లైట్లకూ దూరంగా ఉంచాలి. ఈ మాట వార్డులో ప్రతిసారీ గుర్తుచేయాల్సిందే.

అసలు తంటా ఎర్రగా కాక లేత గులాబీగా వెలిగే చోట్లతో. అక్కడ గడ్డ కణాలూ మంచి కణాలూ కలిసిపోయి ఉంటాయి. నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 2 గడ్డలైతే చాలావరకు వెలగనే వెలగవు. ఒకసారి ఎక్కడా ఎరుపు లేదని ఊపిరి పీల్చుకుంటే, అంచు నుంచి పంపిన ముక్కలో గడ్డ ఉందని బయాప్సీ రిపోర్టు వచ్చింది.

మాట పలికించే చోటేదో కూడా ఈ కెమెరాకు తెలియదు. అందుకే అలాంటి చోట పేషెంట్‌ని మెలకువగా ఉంచి, సన్నని కరెంటు తాకిస్తూ అంకెలు లెక్కపెట్టిస్తాం. ఒకాయన ఆరు దాకా చెప్పి ఆగిపోయారు. ప్రోబ్ తీస్తే "ఏడు" అన్నారు. మళ్లీ తాకిస్తే మళ్లీ ఆగారు. తెర మీద ఆ చోటు ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాన్ని అలాగే వదిలేసి మూసేశాను.