వేసవి ఉరుముల మబ్బును వెంబడించే సాధనాలు: ఐదు వేసవులు వాడాక

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో పడే సాయంత్రపు వాన మండలమంతా తడపదు. కూకట్‌పల్లిలో మోకాటి లోతు నీళ్లు పారుతుంటే మియాపూర్‌లో దుమ్ము తప్ప ఏమీ రాదు. ఇలాంటి వానను ముందే పసిగట్టడానికి ఉచితంగా దొరికే సాధనాలు చాలానే ఉన్నాయి. ఐదు వేసవులు రోజూ చూశాక తేలిందేమిటంటే, వీటిలో పనికిరానిదంటూ లేదు, కానీ ఒక్కోదానికీ ఒక వేళ ఉంది. పొద్దున చూడాల్సినదాన్ని సాయంత్రం చూసినా, సాయంత్రం చూడాల్సినదాన్ని ముందురోజే నమ్మినా మోసపోతాం. ఫలానా ఊళ్లో పడుతుందని మూడు గంటల ముందు చెప్పగలిగింది ఏదీ లేదు. నలభై నిమిషాల ముందు చెప్పగలిగింది ఒకటుంది, అది రాడార్. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

చాలామంది ముందు తెరిచేది విండీ అనే వాతావరణ యాప్. బొమ్మలు బాగుంటాయి, తెలుగు రాష్ట్రాల మీద రంగులు చక్కగా పరుచుకుంటాయి. చిక్కంతా గడి సైజులో ఉంది. మోడల్ అంటే నేలను గడులుగా విడగొట్టి వాతావరణాన్ని ముందే లెక్కకట్టే కంప్యూటర్ అంచనా. విండీలోని యూరప్ మోడల్ గడి 9 కి.మీ., అమెరికా జీఎఫ్ఎస్ గడి 20 కి.మీ. పైమాటే. వేసవి మబ్బు పుట్టినప్పుడు దాని వెడల్పు ఐదారు కిలోమీటర్లకు మించదు. గడి కంటే చిన్నదైన మబ్బును మోడల్ నేరుగా చూడలేదు, సూత్రంతో అంచనా కడుతుంది. అందుకే పొద్దున సిద్దిపేట మీదున్న నీలి మచ్చ సాయంత్రానికి జనగామ మీదికి జరుగుతుంది. ఆ వాన మచ్చను పట్టించుకోకపోవడమే మేలు. విండీలో నిజంగా ఉపయోగపడేది గాలి. 850 హెక్టోపాస్కల్స్, అంటే సుమారు 1.5 కి.మీ. ఎత్తులో గాలి చూడండి. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా దక్షిణానికి ద్రోణి సాగితే, దానికి తూర్పున బంగాళాఖాతం తేమ గాలి, పడమట పొడి గాలి ఉంటాయి. రెండూ ఒరుసుకునే గీత వెంటే మధ్యాహ్నం మబ్బులు లేస్తాయి. ఆ గీత ఏ జిల్లాల మీదుగా పోతుందన్నంత వరకు మోడల్‌ను నమ్మొచ్చు. అక్కడితో ఆపేయాలి.

రెండోది పొద్దుటి బెలూన్ లెక్క. హైదరాబాద్‌లో ఉదయం 5:30కు ఎగరేసే బెలూన్ వివరాలు వయోమింగ్ విశ్వవిద్యాలయం పేజీలో 43128 నంబరు కింద దొరుకుతాయి. మచిలీపట్నానికి 43185, విశాఖకు 43150. కొత్తవాళ్లు ఇక్కడొక పొరపాటు చేస్తారు. పేజీలో కేప్ విలువ, అంటే మబ్బును పైకి లేపడానికి గాలిలో ఉన్న శక్తి, సున్నాకు దగ్గరగా కనిపించగానే ఈ రోజు ఏమీ లేదని మూసేస్తారు. ఆ లెక్క తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పటిది. దాన్నే మధ్యాహ్నం 40 డిగ్రీలతో, అప్పటి తేమతో మళ్లీ కడితే రెండు వేలు దాటొచ్చు. కేప్ కన్నా ముందు గాలిలోని మొత్తం తేమ, అంటే అదంతా నీరైతే ఎంత లోతు అవుతుందో, చూడండి. అది 40 మి.మీ. పైనుంటే సరుకు ఉన్నట్టు. తర్వాత 3 నుంచి 5.5 కి.మీ. మధ్య గాలి చూడండి, మబ్బు ఎటు నడుస్తుందో చెప్పేది అదే. ఆ గాలి 5 నాట్ల కంటే తక్కువుంటే మబ్బు నడవదు, పుట్టినచోటే కురిసి కరిగిపోతుంది. కాలనీకో తీరుగా వాన పడేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మంచి తోడు. ఇన్సాట్ 3డీఆర్, 2024లో వెళ్లిన 3డీఎస్ ఒక్కోటి అరగంటకో చిత్రం ఇస్తాయి. కనిపించే కాంతి చిత్రంలో చుక్క సైజు 1 కి.మీ., పరారుణ చిత్రంలో 4 కి.మీ. కాబట్టి వెలుతురున్నంతసేపు మొదటిదే చూడాలి. పిండి చల్లినట్టున్న చిన్న మబ్బుల్లో ఒకటి గట్టిపడి, అంచు పదునుగా తెల్లగా మెరిసిందంటే అది పైకి లేస్తోందని అర్థం. పరారుణ చిత్రంలో మాత్రం మబ్బు సైజు చూసి భయపడొద్దు. వేసవిలో 12 కి.మీ. ఎత్తున పడమటి గాలులుంటాయి, మబ్బు నెత్తిని అవి తూర్పుకు లాగి పరుస్తాయి. బొమ్మలో మూడు జిల్లాలు కప్పిన తెలుపులో నిజంగా కురిసేది పడమటి అంచున ఉన్న చిన్న ముక్కే.

ఇక రాడార్. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై, నాగపూర్ డాప్లర్ రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో దాదాపు పది నిమిషాలకోసారి మారుతుంటాయి. మొదట చూడాల్సింది రంగులు కాదు, చిత్రం మీది సమయం. అది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటే 5:30 గంటలు కలపాలి. 09:40 అని ఉంటే మన లెక్కలో మధ్యాహ్నం 3:10. వాట్సాప్‌లో తిరిగే రాడార్ బొమ్మల్లో సమయం కత్తిరించినవి ఉంటే పక్కన పడేయండి, ముప్పావుగంట పాత బొమ్మ అసలు బొమ్మే లేనిదానికంటే ప్రమాదం.

అందరూ చూసే మాక్స్ జెడ్ బొమ్మ ఒక్కో చోట నిలువునా ఉన్న అన్ని పొరల్లోంచి గరిష్ఠ విలువను తీసి చూపిస్తుంది. దాని బలమూ బలహీనతా అదే. పైన, కుడి పక్కన ఉండే పట్టీలు మబ్బు ఎత్తు చెబుతాయి. చాలామంది వాటివైపు చూడరు, కానీ బొమ్మలో అసలు విలువంతా అక్కడే ఉంది. ఏప్రిల్, మేలో నీరు గడ్డకట్టే మట్టం సుమారు 5 కి.మీ. మీద ఉంటుంది. డీబీజెడ్ అంటే మబ్బు నుంచి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం బలానికి కొలత. 55 డీబీజెడ్ రంగు పక్క పట్టీలో 8 కి.మీ. పైకి పాకిందంటే వడగళ్లకు సిద్ధపడాలి. అదే రంగు 4 కి.మీ. కిందే ఉంటే జోరువాన మాత్రమే. డీబీజెడ్‌ను వానగా మార్చే మార్షల్-పామర్ సూత్రం ప్రకారం 40 అంటే గంటకు దాదాపు 12 మి.మీ., 50 అంటే దాదాపు 49 మి.మీ. పది పెరిగితే వాన నాలుగింతలు పైగా అవుతుంది. పసుపుకూ ఎరుపుకూ మధ్య తేడా కంటికి చిన్నదే, నేల మీద చాలా పెద్దది.

నెత్తిన పచ్చరంగు ఉండి చినుకు కూడా రాకపోవడం మాక్స్ జెడ్‌తో వచ్చే మామూలు ఫిర్యాదు. రాడార్ తప్పు కాదది. నేల దగ్గర 40 డిగ్రీల వేడి, మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 18 డిగ్రీలు ఉంటే తేడా 22. డిగ్రీకి 125 మీటర్ల లెక్కన మబ్బు అడుగు 2,750 మీటర్ల మీద ఉంటుంది. అంత ఎత్తునుంచి పడే సన్న చినుకు దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, బరువెక్కిన ఆ గాలి ధబ్బున కిందికి దిగి నేల మీద నలుదిక్కులా పరుగెడుతుంది. వాన లేని ఈదురుగాలి, మామిడి రాలడం, రేకులు లేవడం దీనివల్లే. అందుకే మాక్స్ జెడ్ పక్కనే కింది కోణపు పీపీఐ బొమ్మనూ, అంటే ఒకే కోణంలో తిరిగిన కిరణం చూసినదాన్నీ, తెరవాలి. రెండింటిలోనూ ముదురు రంగుంటే వాన నేలకు చేరుతున్నట్టు.

మబ్బు ఎప్పుడొస్తుందో లెక్క కట్టడం తేలికే. పది నిమిషాల తేడాతో మూడు బొమ్మలు దాచుకోండి. బయటి పచ్చ అంచును కాక 45 డీబీజెడ్ ముద్ద ముందు అంచును కొలవండి. ఉదాహరణకు 3:10కి వికారాబాద్ మీదున్న ముద్ద 3:30కి శంకర్‌పల్లి వైపు 14 కి.మీ. నడిచిందనుకుందాం. వేగం గంటకు 42 కి.మీ. మిగిలింది ఇంకో 14 కి.మీ. అయితే 3:50కి చేరాలి. ఇదే లెక్కతో రెండు గంటల ముందుకు పోవద్దు. ఒంటరి మబ్బు ఆయుష్షు అరగంట నుంచి గంట. అది చనిపోతూ వదిలిన చల్లగాలి ముందుకు పాకి కొత్త మబ్బును పుట్టిస్తుంది, అది పాతదాని దారిలోనే ఉండాలని లేదు. ఆ చల్లగాలి అంచు రాడార్‌కు దగ్గరలో ఉంటే పీపీఐలో 10-20 డీబీజెడ్ సన్నని విల్లులా కనిపిస్తుంది, పురుగులు, దుమ్ము వల్ల. రెండు చోట్ల నుంచి వచ్చిన విల్లులు ఎక్కడ గుద్దుకుంటాయో అక్కడ పావుగంట, అరగంటలో కొత్త ముద్ద లేవడం తరచూ చూడొచ్చు. ఇంత ముచ్చటైన సూచన ఇంకే సాధనంలోనూ లేదు.

దూరం పెరిగేకొద్దీ రాడార్ చూపు పైకి పోతుంది. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 60 కి.మీ. దూరంలో నేలకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, 100 కి.మీ.కు 1.5 కి.మీ., 200 కి.మీ.కు 4 కి.మీ. పైన. విల్లు అంచులు 60-70 కి.మీ. దాటితే కనబడకపోవడానికి కారణం ఇదే. ఆదిలాబాద్ హైదరాబాద్‌కు గీత గీస్తే 245 కి.మీ. ఉంటుంది, అక్కడ కిరణం దాదాపు 5.7 కి.మీ. మీద నడుస్తుంది. ఆదిలాబాద్‌వాళ్లు నాగపూర్ రాడార్ చూడాలి, అది 170 కి.మీ. దూరమే. ఖమ్మానికి మచిలీపట్నం, హైదరాబాద్ రెండూ తెరిచి పెట్టుకోవడం మంచిది. అనంతపురం హైదరాబాద్, చెన్నై రెండింటి 250 కి.మీ. వలయాలకూ బయట ఉంది. అక్కడ ఈ రెండు రాడార్ల కోసం చూడకుండా ఉపగ్రహం, పిడుగుల సమాచారం మీద ఆధారపడాలి. మరీ దగ్గరగా ఉన్నా ఇబ్బందే. యాంటెన్నా నిట్టనిలువుగా పైకి చూడదు కనుక హైదరాబాద్ రాడార్ ఉన్న బేగంపేటకు సరిగ్గా నెత్తిన ఉన్న మబ్బు పైభాగం దానికి కనిపించదు. నగరం నడిబొడ్డున రంగు తేలిగ్గా ఉందని ధీమా పడొద్దు.

పిడుగులకు పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ వాడొచ్చు. మన చుట్టూ 20, 40 కి.మీ. వలయాల్లో పడ్డ మెరుపులను చూపిస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆపి ఉంటే ఏమీ ఉపయోగం లేదు, బ్యాటరీ ఆదా మోడ్ కూడా హెచ్చరికను ఆపేయొచ్చు. రెండూ సరిచేసుకున్నాకే నమ్మండి. 20 కి.మీ. వలయంలో మెరుపులుంటే అవి మన వైపే వస్తున్నాయని కాదు, ఆ దిశను రాడార్‌తో సరిచూసుకోవాలి. మెరుపు గుర్తులు అకస్మాత్తుగా చిక్కబడితే మబ్బు బలం పుంజుకుంటున్నట్టు. సిగ్నల్ పోయినప్పుడు పాత లెక్కే దిక్కు: మెరుపు కనిపించాక ఉరుము వినడానికి పట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్లలోపు వినిపిస్తే పొలంలో, చెట్టు కింద ఉండకూడదు. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట సేపు ఇంటి లోపలే ఉండాలి.

వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల సూచన, జిల్లా స్థాయి హెచ్చరిక. ఐకేపీ కేంద్రాల్లో ధాన్యం కుప్పలున్నవాళ్లు, కల్లాల్లో మిర్చి ఆరబోసినవాళ్లు అది రాగానే పరదాలు, తాళ్లు దగ్గర పెట్టుకోవాలి. కప్పడం మొదలుపెట్టే నిమిషాన్ని మాత్రం రాడార్ మీది ముద్ద దూరాన్ని చూసి నిర్ణయించుకోండి.

వాన పడ్డాక ఎంత పడిందో చూడటానికి తెలంగాణలో వెయ్యికి పైగా ఉన్న ఆటోమేటిక్ కేంద్రాల అంకెలు బాగా పనికొస్తాయి. అవి ఉదయం 8:30 నుంచి మరుసటి ఉదయం 8:30 వరకు కూడుతూ పోతాయి కాబట్టి ఒకే సాయంత్రపు వాన కావాలంటే వాన మొదలవకముందు ఉన్న అంకె తీసివేయాలి. పక్కపక్క కేంద్రాల్లో ఒకచోట 62, ఇంకోచోట 3 కనిపిస్తే యంత్రం చెడిందని వెంటనే అనుకోకండి. ఆ గంట రాడార్ బొమ్మలు చూస్తే చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి.

సొంత వానమాపకం లేకుండా మాత్రం ఈ పని పూర్తికాదు. 20 సెం.మీ. వ్యాసమున్న గరాటు, కింద ఇరుకు మూతి డబ్బా, ఒక కొలపాత్ర చాలు. గరాటు మూతి వైశాల్యం 314 చదరపు సెం.మీ., కాబట్టి 31.4 మి.లీ. నీళ్లు అంటే 1 మి.మీ. వాన. మూతి నేలకు 30 సెం.మీ. ఎత్తున, గోడకు, చెట్టుకు వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. మేడ మీద పెడితే గాలి చినుకును పక్కకు కొట్టేసి తక్కువ చూపిస్తుంది. వాన ఆగగానే కొలవండి, మే ఎండకు డబ్బాలో నీళ్లు నిలవవు. వడగళ్లు పడితే గరాటు మెడ మూసుకుపోతుంది. అప్పుడు 200 మి.లీ. గోరువెచ్చని నీళ్లు కొలిచి పోసి, కరిగాక మొత్తంలోంచి ఆ 200 తీసేయాలి. గరాటు తాకి ఎగిరి బయట పడ్డ గడ్డల లెక్క ఎలాగూ రాదు కనుక, ఆ రోజు అంకె పక్కన 'వడగళ్లు' అని రాసి పెట్టుకోవాలి.