బొమ్మకు చొక్కా ఎవరు తొడగాలి? స్వేచ్ఛ, కోత, వయసు చీటీ: ఏది మేలు?

గత ఏడాది నేను గీసిన ఒక బొమ్మకు నాకు చెప్పకుండా చొక్కా తొడిగారు.

బొమ్మంటే వీడియో గేమ్‌లో క్యారెక్టర్. మా ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లు ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. మోకాళ్ల పైదాకా రంగు లాగు, కాళ్లకు గజ్జెలు, రొమ్ము మీద రేకు తప్పెట, ఒళ్లంతా చెమట. గజపతినగరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో సంబరానికి వచ్చే బృందం అలాగే ఆడేది. రెండు అరచేతులతో తప్పెట మీద కొడుతుంటే భుజాలు వెనక్కి పోయి రొమ్ము విరుచుకుంటుంది చూడండి, అది కనబడాలని మూడు వారాలు ఆ బొమ్మ మీదే కూర్చున్నాను. నేను విజయనగరంలో ఇంటి నుంచే బయటి సంస్థలకు క్యారెక్టర్లు గీసి ఇస్తాను. ఇది ఒక విదేశీ క్లయింట్ పని. తీరా ట్రైలర్ వచ్చాక చూస్తే మా కుర్రాడికి పొడుగు చేతుల చొక్కా ఉంది. ఒంటి రంగు కూడా తెల్లబడింది. తప్పెట ఆ చొక్కా మీద మెడల్‌లా వేలాడుతోంది. అడిగితే "కొన్ని దేశాల్లో ఇబ్బంది రాకుండా" అని ఒక్క లైన్ మెయిల్ పెట్టారు. ఏ దేశమో, ఏం ఇబ్బందో చెప్పలేదు.

అదే గేమ్‌లో కత్తి పట్టి పోరాడే ఒకామె ఉంది. ఆమెకు గోచీ పోసి కట్టిన చీర గీశాను. పరిగెత్తడానికి, గెంతడానికి అది వీలుగా ఉంటుంది. మా వైపు ఊడ్పులకు దిగే ఆడవాళ్లు చీర ఎగదోపుకునే తీరు చూసి గీసినది. దానికి నాలుగుసార్లు ఫీడ్‌బ్యాక్ వచ్చింది. నాలుగుసార్లూ ఒకటే మాట: బట్ట తగ్గించు.

ఒకే వారంలో, ఒకే మనుషులు, ఒక బొమ్మకు బట్ట కప్పారు, ఇంకో బొమ్మకు తీయించారు. గేమ్ బొమ్మల్లో ఏది ఎంతవరకు చూపించొచ్చన్న చర్చ ఎక్కడ జరిగినా మొదటిదాన్ని సెన్సార్ అంటారు, రెండోదాన్ని సృజన స్వేచ్ఛ అంటారు. గీసిన నాకు మాత్రం రెండిట్లోనూ మాట దక్కలేదు. అందుకే గీసేవాళ్లకు వదిలేయడం, కోసేయడం, ఏ వయసువాళ్లకో చెప్పే చీటీ అంటించడం, వీటిలో ఏది మేలు అని తూచేటప్పుడు, నిర్ణయం ఎవరిది, ఎప్పుడు తీసుకున్నారు, ఆడేవాళ్లకు చెప్పారా లేదా అనేవి కూడా తక్కెడలో వేస్తాను.

గీసేవాళ్లకే వదిలేస్తే

లారా క్రాఫ్ట్ అనే క్యారెక్టర్ 1996లో టూంబ్ రైడర్ గేమ్‌తో వచ్చింది. బ్రిటన్‌లోని కోర్ డిజైన్ సంస్థలో టోబీ గార్డ్ ఆమెకు రూపం ఇచ్చాడు. ఎక్కడ చూసినా మగ హీరోలే ఉన్న రోజుల్లో, చదువుకున్న, ఒంటరిగా గుహల్లోకి దిగే, ఎవరి సాయం కోసమూ ఎదురుచూడని అమ్మాయి. ఆట పెద్ద హిట్టయింది. ఆ తర్వాత ప్రచారంలో ఆమె తెలివి వెనక్కిపోయి ఒళ్లు ముందుకొచ్చింది. తన క్యారెక్టర్ మీద తనకే పట్టు లేకుండా పోయిందని గార్డ్ 1997లో ఆ సంస్థ నుంచి బయటికి వచ్చేశాడు.

ఈ సంగతి నేను తరచూ తలుచుకుంటాను. లారా బట్టల గురించి మాట్లాడేవాళ్లంతా అది కళాకారుడి స్వేచ్ఛ అంటారు. ఆ కళాకారుడేమో అలా అమ్మొద్దని మొత్తుకుని వెళ్లిపోయాడు. 2013లో కథను మళ్లీ మొదటి నుంచి చెప్పినప్పుడు లారాకు ఇరవై ఒక్కేళ్లు. ఓడ పగిలి తెలియని దీవిలో పడింది. ఒంటినిండా బురద, గాయాలు, కాళ్లకు పొడుగు ప్యాంటు. దాన్ని కోత అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అది కథకు అమరిన బట్టలాగే కనబడింది.

ఇంత చెప్పినా నా ఓటు ముందు స్వేచ్ఛకే. చెడ్డ బొమ్మ వస్తే దానికి మంచి బొమ్మతో జవాబు చెప్పొచ్చు. అసలు రానివ్వని బొమ్మకు జవాబు ఎవరు చెబుతారు? 1996లో ఎవరైనా భయపడి ఆపేసి ఉంటే 2013 లారా కూడా ఉండేది కాదు.

కోసేస్తే

ఇద్దరు కొట్టుకునే మోర్టల్ కాంబాట్ ఆట 1992లో ఆర్కేడ్‌లలో, అంటే డబ్బులు వేసి ఆడే మెషిన్ల మీద వచ్చింది. మరుసటి ఏడాది ఇంటి మెషిన్ల మీదికి తెచ్చినప్పుడు, ఆ మెషిన్లు చేసే రెండు కంపెనీల్లో నింటెండో రక్తం వద్దంది. దెబ్బ తగిలితే ఎర్రటి రక్తానికి బదులు బూడిదరంగు చెమట చిందేది. సెగా మెషిన్ మీద ఒక రహస్య కోడ్ నొక్కితే రక్తం వచ్చేది. పిల్లలు ఆ కోడ్ ఒకరికొకరు చెప్పుకున్నారు, సెగా ఆటే ఎక్కువ అమ్ముడుపోయింది. గుద్దులు రెండిట్లోనూ అవే. రంగు మార్చితే హింస తగ్గుతుందని ఎలా అనుకున్నారో!

మన దగ్గరా అదే జరిగింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్జీ మొబైల్ కూడా పోయింది. అప్పుడు చెప్పిన కారణం దేశ భద్రత, డేటా. రక్తం ఊసే లేదు. 2021 జూలైలో అదే ఆట బీజీఎమ్ఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగొచ్చినప్పుడు మాత్రం రక్తం ఆకుపచ్చగా మారింది.

ఆ దసరా సెలవులకు మా అక్క కొడుకు మా ఇంటికి వచ్చాడు. అప్పుడు తొమ్మిదో తరగతి. వీధి అరుగు మీద కూర్చుని ఆడుతూ ఫోన్ నా వైపు తిప్పి, "మావయ్యా, మనిషికి పచ్చ రక్తం ఏంటి? వీళ్లు రోబోలా?" అన్నాడు. రోబోలు కాదు, మనుషులే అన్నాను. "మరి దెబ్బ తగిలినట్టే లేదు కదా" అని మళ్లీ తుపాకీ గురిపెట్టాడు. కాల్చడం ఎక్కడా ఆగలేదు, తగిలిన దెబ్బ మాత్రం తేలికైపోయింది. పిల్లవాడి మంచికని తీసేసినది, నిజానికి వాడిని ఒక్క క్షణం ఆగి ఆలోచింపజేసేదేమో. ఈ మాట వాడిని చూశాకే నాకు తట్టింది.

జర్మనీ కథ ఇంకా బాధగా ఉంటుంది. నాజీలను ఎదిరించే ఆట వుల్ఫెన్‌స్టైన్ 2 2017లో వచ్చింది. నాజీ చిహ్నాల మీద అక్కడున్న చట్టానికి జంకి, జర్మన్ వెర్షన్‌లో స్వస్తిక గుర్తులు తీసేశారు, హిట్లర్‌కు మీసం కూడా తీసేశారు. ఆ చట్టం పుట్టిందే నాజీలు మళ్లీ తలెత్తకూడదని. సినిమాల్లో చరిత్ర చెప్పడానికి ఇచ్చిన వెసులుబాటు ఆటలకు ఇవ్వలేదు, దాంతో నాజీలకు ఎదురుతిరిగే ఆటలోనే నాజీని గుర్తుపట్టకుండా చేశారు. 2018 ఆగస్టు నుంచి అక్కడి రేటింగ్ సంస్థ ఒక్కో ఆటను విడిగా చూసి అనుమతించడం మొదలుపెట్టింది.

కోత వైపు ఒక గట్టి వాదన ఉంది. అది మా అక్కది. ఆ సెలవుల్లోనే వాడి వెనక నిలబడి ఇంకో ఆటలో క్యారెక్టర్‌ని చూసి, "ఒరేయ్ తమ్ముడూ, యుద్ధానికి వెళ్లే పిల్లకి ఆ బట్టలేంట్రా? వీడు రేపు క్లాసులో ఆడపిల్లల్ని ఏ కంటితో చూస్తాడు?" అంది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. అలాంటి బట్టలు గీయమని నన్నూ అడిగారు కాబట్టి అసలే తీసుకోలేను. కానీ అక్క భయం వాడి వయసు గురించి. వాడి వయసు కోసం నలభై ఏళ్ల మనిషి చూసే బొమ్మను కూడా కత్తిరించాలా?

వయసు చీటీ అంటిస్తే

ఇక్కడే మూడో దారి వస్తుంది. మోర్టల్ కాంబాట్ లాంటి ఆటల మీద 1993 డిసెంబర్‌లో అమెరికా సెనేట్‌లో విచారణ జరిగింది. ప్రభుత్వం చెయ్యి పెట్టకముందే 1994లో పరిశ్రమ తనంతట తానే ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ సంస్థ పెట్టుకుంది. అదే ఏడాది మోర్టల్ కాంబాట్ 2 నింటెండో మీద రక్తంతోనే వచ్చింది, డబ్బా మీద హెచ్చరికతో. ముందు ఏడాది చెమట చిందించిన కంపెనీయే ఈసారి చీటీ అంటించి బొమ్మను వదిలేసింది. కోతకు, చీటీకి మధ్య ఇంతకంటే సూటి పోలిక నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మన సినిమాతో పోల్చి చూడండి. సెన్సార్ బోర్డు మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఏ సీను కోశారో, ఏ మాట మ్యూట్ చేశారో సర్టిఫికెట్‌తో పాటు కాగితం మీద ఉంటుంది. నిర్మాతకు నచ్చకపోతే హైకోర్టుకు వెళ్లొచ్చు. ఇప్పుడు యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లని మెట్లు పెట్టారు. గేమ్ బొమ్మకు కోత పడితే ఆ కాగితం ఉండదు. నా కుర్రాడికి చొక్కా తొడిగినవాళ్లను నేను ఏ కోర్టులో అడగను? 2008లో ఫాల్‌అవుట్ 3ని ఎక్స్‌బాక్స్ మీద భారత్‌లో విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కారణం 'సాంస్కృతిక సున్నితత్వాలు' అంది. ఆ ఆటలో రెండు తలల ఆవుల పేరు బ్రామిన్, బహుశా అందుకేనని జనం ఊహించుకున్నారు. ఊహించుకోవాల్సి రావడమే తప్పు. చెప్పి కోసిన కోతతో పోట్లాడొచ్చు, చెప్పకుండా కోసినదానితో ఎలా పోట్లాడతాం?

చీటీకీ లోపం ఉంది. ప్లే స్టోర్‌లో వయసు రేటింగ్ ఎక్కువగా తయారుచేసినవాళ్లు ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల మీదే వస్తుంది. పైగా అది కంటికి ఆనదు. మా అక్కకు ఫోన్‌లో ఆట పేరు కింద ఆ అంకె చూపిస్తే, "ఇదా? స్టార్ల లాంటిదేదో అనుకున్నాన్రా" అంది. తర్వాత తనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వయసు పరిమితి పెట్టి, పిన్ వాడికి చెప్పకుండా దాచింది. చీటీ పనిచేయాలంటే అది సిగరెట్ పెట్టె మీద బొమ్మంత పెద్దగా ఉండాలి. చదివి చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

తానే మార్చుకుంటే

మార్పు ప్రతిదీ కోత కాదు. ఇది చెప్పడానికి విజయనగరం నుంచి కదలక్కర్లేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని తిరగరాశారు. మొదటి కూర్పులో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి, రెండోదాంట్లో నాటకాన్నే తన చేతిలోకి తీసుకునే మనిషయింది. వేశ్య అని ఆమెను తీసేయలేదు, పెంచారు. పన్నెండేళ్లు ఆ పాత్రతో కలిసి బతికిన రచయిత చేసిన మార్పు అది.

ఓవర్‌వాచ్ గేమ్‌లో ట్రేసర్ అనే అమ్మాయి విషయం కూడా కొంత అలాంటిదే. 2016లో ఆట ఇంకా బీటాలో, అంటే విడుదలకు ముందు పరీక్షలో ఉండగా, ఆమె గెలిచాక నిలబడే ఒక భంగిమ ఆ పిల్ల స్వభావానికి అతకలేదని ఒక ఆటగాడు రాశాడు. తయారుచేసినవాళ్లు అది తమకూ నచ్చలేదని తీసేసి, ఆమె చిలిపితనానికి తగ్గ ఇంకో భంగిమ పెట్టారు. అందం ఎక్కడికీ పోలేదు, ఈసారి అది ట్రేసర్ అందం. దాన్ని సెన్సార్ అనడం నాకు ఒప్పదు.

స్టెల్లార్ బ్లేడ్ దగ్గర మాత్రం తడబడతాను. ఈ కొరియా ఆట 2024 ఏప్రిల్ 26న వచ్చింది. అన్ని దేశాల్లో కోతలు లేని ఒకే ఆట ఉంటుందని ముందే ప్రకటించారు. విడుదల రోజు అప్‌డేట్ తర్వాత చూస్తే హీరోయిన్ దుస్తుల్లో ఒకటి రెండిటికి డిస్క్‌లో లేని బట్ట వచ్చి చేరింది. చివరి రూపమే మేం కోరుకున్నది అని డైరెక్టర్ అన్నాడు. ఆయన మాట నిజమే కావచ్చు. అయినా డబ్బు పెట్టి కొన్నవాళ్లు కోప్పడడంలో న్యాయం ఉంది. మార్చుకునే హక్కు గీసినవాడిదే, కాకపోతే మాట ఇచ్చాక మార్చితే ముందుగా చెప్పాలి.

అడిగి గీయడం

దేవుళ్ల దగ్గరికి వచ్చేసరికి నా వాదన కొంచెం నెమ్మదిస్తుంది. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ హనుమాన్: బాయ్ వారియర్ తయారుచేసింది. మన దేశంలో తయారై ప్లేస్టేషన్ 2 మీదికి వెళ్లిన ఆట. హనుమంతుణ్ని బటన్లు నొక్కి ఆడించడం ఆయన్ని చులకన చేయడమేనని అమెరికాలో ఒక హిందూ నాయకుడు దాన్ని ఉపసంహరించమన్నారు. మా ఊరి వీధుల్లో హనుమంతుడి వేషం కట్టినవాణ్ని చూసి దండం పెట్టేవాళ్లున్నారు, పక్కనే ఆడుకునేవాళ్లూ ఉన్నారు. ఆటే అవమానమంటే ఒప్పుకోలేను. కానీ పైడితల్లి అమ్మవారిని గీయమని ఎవరైనా అడిగితే, నా పెన్ ముందుగా మూడు లాంతర్ల దగ్గర గుడికి వెళ్లొచ్చాకే కదులుతుంది. చట్టం ఆపినందుకు కాదు, ఆ తల్లి నా ఒక్కడిదే కాదు కాబట్టి.

కాబట్టి నా వరస ఇది: గీసేవాళ్లకు స్వేచ్ఛ, దాని మీద పెద్ద అక్షరాల వయసు చీటీ, ఎవరి రూపం గీస్తున్నామో వాళ్లను ముందే అడగడం. కోత అన్నిటికంటే చివర. ఒకవేళ కోస్తే కారణం రాసి కోయాలి.

ఆ అడగడం నేనూ ఆలస్యంగానే నేర్చుకున్నాను. చొక్కా గొడవ అయ్యాక, ఇద్దరు స్నేహితులతో కలిసి మా సొంత చిన్న గేమ్ కోసం ఆ కుర్రాణ్ని మళ్లీ మొదటి నుంచి గీస్తున్నాను. ఈసారి టాబ్లెట్ పట్టుకుని అమ్మమ్మగారి ఊరు వెళ్లి, ఒకప్పుడు ఆ బృందాన్ని నడిపిన తాతకు చూపించాను. కంపెనీ వాళ్ల చొక్కా బొమ్మ కూడా పక్కన పెట్టాను. దాన్ని చూసి తల అడ్డంగా ఊపి, "సొక్కా సేతులుంటే సెయ్యాడదు బావూ" అన్నాడు. తర్వాత నా బొమ్మ చూశాడు. "ఇది మనోడే. అయితే తప్పెట బొజ్జ మీదికి జారిపోనాది, రొమ్ము మీదికి లాగు. గజ్జెలు సాలవు, ఇంకో వరస కట్టు" అని వేలితో స్క్రీన్ మీద చూపించాడు. తప్పెట అక్కడికక్కడే, ఆయన చూస్తుండగానే పైకి జరిపాను. రెండో వరస గజ్జెలు ఈ రాత్రి కడుతున్నాను.