ఒక్క రోజే ఉంటే ఆర్కే బీచా, భీమిలా?

దసరా సెలవులకి మా అక్కా బావా పిల్లలతో ఖమ్మం నుంచి విశాఖ వస్తామన్నారు. చేతిలో ఒకటే రోజు. "సముద్రం దగ్గర చూడదగ్గది ఏదో ఒకచోటికి సరిగ్గా తీసుకెళ్లరా" అంది అక్క. ఆర్కే బీచా, భీమిలా అని రెండు రోజులు ఆలోచించాను.

పిల్లల వైపు నుంచి చూస్తే ఆర్కే బీచ్‌కి సాటి లేదు. ఒడ్డునే కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళంలోకి వచ్చి, 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలోకి వంగి, గుండ్రటి ద్వారాల్లోంచి కాలు ఎత్తి దాటుకుంటూ వెళ్తుంటే, అన్ని నెలలు అంతమంది అందులో ఎలా పడుకున్నారా అనిపిస్తుంది. చాలాసార్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి చూపిస్తారు. వాళ్లని ప్రశ్నలు అడగండి, ఎంతో ఓపికగా చెప్తారు. రోడ్డుకి అవతల మన నౌకాదళం నిఘాకి వాడిన టీయూ-142 విమానం, కొంచెం దూరంలో 1971 యుద్ధ విజయ స్మారకం. ఆ డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే, పిల్లలు ఆ స్మారకాన్ని వేరే కళ్లతో చూస్తారు. సోమవారం మాత్రం వెళ్లకండి, కురుసురకి సెలవు.

సాయంత్రం కాళీమాత గుడి, ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు, జనం. ఆ జనంలో నాకు సముద్రం సరిగ్గా వినపడదు. ఇంకో మాట, ఇక్కడ అలలు లోపలికి లాగేస్తాయి. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పాదాలు తడిసేంత వరకే, దయచేసి.

భీమిలి సంగతి వేరు. నగరం నుంచి పాతిక కిలోమీటర్ల పైనే, కానీ ఆ బీచ్ రోడ్డు ప్రయాణమే సగం చూసినట్టు. దారిలో తొట్లకొండ ఎక్కితే బౌద్ధ భిక్షువులు వానాకాలం గడిపిన విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి. పేరు వాటి వల్లే వచ్చింది. కొండ మీద నిలబడి కింద సముద్రం చూస్తే, చోటు ఎంచుకోవడం వాళ్లకి బాగా తెలుసనిపిస్తుంది. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది, ఇనుము వల్ల ఎర్రబడింది, వాన నీళ్లు కోసిన లోయలున్నాయి. అంచుల మీద ఎక్కకండి, చేత్తో తాకితేనే రాలిపోతుంది.

భీమిలిలో డచ్ వాళ్ల సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. సన్నగా పైకి లేచిన ఆ సమాధుల మీద రాతలు కొన్ని ఇంకా కనిపిస్తాయి. ఎక్కడో పుట్టి, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసినవాళ్ల పేర్లు అవి. నేను అక్కడికి ఎప్పుడెళ్లినా మాట పెగలదు. మన దేశంలో మొదట మునిసిపాలిటీలు అయిన ఊళ్లలో భీమిలి ఒకటి, 1861లో. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. బొర్రా గుహల వైపు నుంచి వచ్చే గోస్తని ఈ ఊరి పక్కనే సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే వెళ్తే పడవలు ఒడ్డుకొచ్చే వేళ, చేపల బేరం చూడొచ్చు.

తిండికీ, నీడకీ, మరుగుదొడ్లకీ మాత్రం భీమిలిలో కొంచెం ఇబ్బందే. పెద్దవాళ్లుంటే ఆర్కే బీచే సుఖం.

నా ఓటు భీమిలికే. ఆర్కే బీచ్‌కి సాయంత్రం రెండు మూడు గంటలు చాలు. భీమిలికి పొద్దున్న కావాలి, ఎండెక్కాక ఆ దిబ్బల్లో నడవలేం. అక్కకి అదే చెప్పాను. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరదాం, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి పడుకుందాం, నాలుగింటికి పిల్లల్ని కురుసుర ఎక్కిద్దాం. "అయిదింటికా!" అంది. బావ మాత్రం అలారం పెట్టేశాడట.