ఆరుబయటే తరగతి గది: ఒక ప్రకృతి ఆధారిత ప్రీస్కూలుపై సమీక్ష

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం నడుస్తున్న ఈ ప్రీస్కూల్లో మా అమ్మాయిని చేర్పించి, అన్ని కాలాల్లోనూ అక్కడి పద్ధతిని గమనించాక ఈ సమీక్ష రాస్తున్నాను. పిల్లలు రోజులో ఎక్కువ భాగం ఆరుబయటే గడుపుతారు. అయినా ఈ బడికి విలువ తెచ్చింది ఆవరణలోని చెట్లకన్నా టీచర్ల ఓర్పేనని నా అభిప్రాయం.

ఒక ఉదయం పిల్లలు చీమల బారు దగ్గర ఆగిపోయారు. టీచరు చీమల గురించి వివరించడం మొదలుపెట్టకుండా, వాళ్ల పక్కనే నేలమీద కూర్చుని, "ఇవి ఎటు వెళ్తున్నాయంటారు?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు. ఒకరు దారికి అడ్డంగా రాయి పెడితే చీమలు చుట్టి వెళ్లాయి. మరొకరు ఆకు పెడితే ఎక్కి దాటాయి. ఎందుకలా అని వాదన మొదలైంది. పుట్ట దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టగా ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య రావడంతో, పాదాలు పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారు. టీచరు వాళ్ల మాటలను అన్నవి అన్నట్టే రాసుకుని, మర్నాడు భూతద్దాలు తెచ్చారు. పిల్లల ప్రశ్నలోంచి మర్నాటి పాఠాన్ని తయారు చేయడం చాలా నైపుణ్యం కావలసిన పని. చెట్టు కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినంత మాత్రాన అది జరగదు.

ఆటవస్తువులు దుంగలు, గులకరాళ్లు, గింజలు, ఇసుక, నీళ్లు. ఎటైనా మార్చి పేర్చుకోగల వస్తువులు ఎన్ని ఎక్కువ ఉంటే పిల్లల్లో కల్పనాశక్తికి అంత చోటు ఉంటుందని బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో ప్రతిపాదించిన ఆలోచన ఇక్కడ కళ్లకు కడుతుంది. ప్రతి బిడ్డకూ మొక్కలు పెంచుకునేందుకు సొంత మడి ఉంది. 1840లో తన బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ కూడా పిల్లలకు ఇలాగే మడులు కేటాయించాడు.

భద్రత విషయంలో తృప్తిగా ఉన్నాను. పిల్లలు రాకముందే టీచర్లు నేలను, కొమ్మలను పరిశీలిస్తారు. చెట్టెక్కే బిడ్డను పైకెత్తి కూర్చోబెట్టరు, తానుగా ఎక్కగలిగినంత ఎత్తుకే ఎక్కనిస్తారు.

లోపాలు లేకపోలేదు. జోరువాన రోజుల్లో పిల్లలను గదిలోకి చేర్చి, అచ్చు కాగితాల్లో బొమ్మలకు రంగులు వేయిస్తున్నారు. సెలవుల్లో ఎండిపోయిన మొక్కలను పిల్లలు తిరిగి రాకముందే పీకేశారు. మొక్క ఎందుకు చనిపోయిందో తెలుసుకునే అరుదైన అవకాశం అలా చేజారడం నాకు నిజంగా బాధ కలిగించింది. తల్లిదండ్రులకు ఫొటోలే అందుతాయి. టీచర్లు రాసుకునే పిల్లల మాటలు కూడా పంపితే ఎంతో మేలు.

అక్షరాలు వెనకబడతాయేమోనని జంకేవారికి ఒక మాట: మా అమ్మాయి తన మడి దగ్గర పేరుపలక పెట్టుకోవాలన్న కోరికతోనే పేరు రాయడం నేర్చుకుంది. ఆరోగ్యం వైపు నుంచి కూడా ఆధారముంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచిన ప్రయోగంలో, మూడేళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంలో ఉన్నవి మసకగా కనిపించే లోపం) వచ్చింది. మామూలుగా నడిచిన బడుల్లో అది 39.5 శాతమని 2015లో వెల్లడైంది.

వచ్చే ఏడాదీ మా అమ్మాయిని ఇక్కడే కొనసాగిస్తున్నాం. చేర్పించదలచినవారు ఆవరణ చూసి తృప్తిపడకుండా, ఒక పూట టీచరు వెంట ఉండి, పిల్లలు అడిగిన ప్రశ్నలకు ఆమె ఏం చేస్తున్నారో గమనించి నిర్ణయించుకోవాలి.