రేకుల షెడ్డులో విప్పిన పద్మిని: పని చల్లారకుండా ఏది నిలబెట్టింది, ఏది ముంచింది

అనంతపురంలో రేకుల షెడ్డు కింద విప్పి పెట్టిన ప్రీమియర్ పద్మిని అనే పాత కారును బాగుచేస్తూ ఏళ్ల తరబడి వాడి చూసిన పద్ధతులు, సామాన్ల గురించి ఈ సమీక్ష. 1089 సీసీ ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ఛాసిస్ వేరుగా లేని మోనోకాక్ బాడీ. అంబాసిడర్ విప్పుకుని కూర్చున్నవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది, స్పానర్లు తప్ప. పద్మినికి మిల్లీమీటర్ సైజులు, అంబాసిడర్‌కు అంగుళాల సైజులు.

ముందే తేల్చి చెబుతాను. ఇలాంటి పనిలో ఉత్సాహం ఎక్కువ భాగం షెడ్డు స్థితిని బట్టే ఉంటుంది. బండి తోస్తే కదలాలి, విప్పిన బోల్టు వెతకగానే దొరకాలి, రెండు గంటల్లో ముగిసే పని ఒకటి సిద్ధంగా ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా బండి మీద కవరు కప్పేసి ఇంట్లోకి వెళ్లిపోతాం. తర్వాత ఆ కవరు తీయడానికే నెలలు పడుతుంది.

ఒక సాయంత్రం చీటీ: పదికి తొమ్మిది

గోడ మీద "బ్రేకులు, ఇంజన్, వైరింగ్, బాడీ" అని రాసుకుంటే ఏడాది తిరిగినా ఒక్కటీ కొట్టేయలేం. "వెనక ఎడమ చక్రం సిలిండర్" అని రాసుకుంటే ఆ రాత్రికి కొట్టేయొచ్చు. చీటీ మీద పని పేరు కింద దానికి కావలసిన సామాను కూడా రాయాలి. ఈ సిలిండర్‌కైతే రబ్బరు కప్పుల కిట్టు, డాట్ 3 బ్రేక్ ఆయిల్, కడగడానికి మెథిలేటెడ్ స్పిరిట్, పైపు నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ స్పానర్, విప్పిన పైపు మూతికి పెట్టే రబ్బరు మూత. ఇవన్నీ షెడ్డులోకి వచ్చాకే చీటీ గోడకెక్కాలి. సామాను లేని చీటీ కళ్ల ముందు ఉండటం కన్నా లేకపోవడం మేలు.

పని ఎక్కడ చెడుతుందో కూడా చీటీలోనే ఉండాలి. డ్రమ్ రాలేదంటే హ్యాండ్ బ్రేక్ వదిలారో లేదో చూడాలి, అడ్జస్టర్ వెనక్కి తిప్పి లైనింగులు డ్రమ్ము నుంచి విడిపడేలా చేయాలి. అప్పుడు అంచుకు చెక్క ముక్క ఆనించి, చక్రం తిప్పుకుంటూ చుట్టూ కొట్టాలి. ఒకే చోట సుత్తితో బాదితే పోత ఇనుము చిట్లుతుంది. పైపు నట్టుకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. మామూలు డబుల్ ఎండ్ స్పానర్ వేస్తే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత కటింగ్ ప్లయర్ పడుతుంది, పైపు మెలికపడుతుంది. ఒక సాయంత్రం పని మూడు వారాల పనిగా మారేది సరిగ్గా ఇక్కడే. సిలిండర్ బోరు లోపల గోరుతో తడిమితే గుంటలు తగిలాయా, కిట్టు వేయడం దండగ. కొత్త సిలిండరే తెచ్చుకోవాలి. ఇక్కడ డీజిల్‌తో కడిగే అలవాటు చాలామందికి ఉంది. మరక మిగిలినా చాలు, రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. బ్రేక్ ఆయిల్ రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింట్ పొంగి లేస్తుంది.

వెల్డింగు దగ్గర మాత్రం ఈ చీటీ పద్ధతి పనిచేయదు. మిషన్ తెచ్చి, గ్యాస్ పెట్టి, రేకు కోసి కూర్చోబెట్టేసరికే సాయంత్రం అయిపోతుంది. వెల్డింగుకు వరుసగా మూడు నాలుగు రోజులు కేటాయించుకోవాల్సిందే.

కవర్లు, డబ్బాలు, ఫోటోలు

పలుచటి పాలిథీన్ కవర్లకు పదికి రెండు. మన ఎండకు రేకుల కింద అవి రెండు వేసవులకు పొడిపొడి అవుతాయి, బోల్టులన్నీ ఒకే కుప్పలో కలిసిపోతాయి. మార్కర్ రాత నూనె చేయి తగలగానే చెరిగిపోతుంది. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా, అందులో పెన్సిల్‌తో రాసిన అట్టముక్క, ఇదే నిలిచింది. పెన్సిల్ రాత నూనెకూ డీజిల్‌కూ చెరగదు. అట్టముక్క మీద భాగం పేరుతో పాటు "ఎడమ, పైది, వాషర్ రెండు" అని కూడా రాయాలి. బోల్టులను డబ్బాలో వేసేకన్నా, వీలున్న చోట అవి వచ్చిన రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి ఉంచడం ఇంకా మంచిది.

ఫోన్ ఫోటోలు మంచివే, ఫోన్ మారేదాకా. వైరింగుకు మాత్రం ఫోటోను నమ్ముకోవద్దు. పాత తీగల రంగులు వెలిసిపోయి ఎరుపూ గోధుమరంగూ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ ఒకే నంబరు కట్టాలి.

నాలుగు చక్రాల మీదే ఉండాలి

పని ఆగిపోయిన షెడ్లు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది: అన్నీ ఒకేసారి విప్పేసి, బాడీని ఇటుకల మీద పెట్టేసి ఉంటారు. అలా పెట్టిన బండిని ఊడ్చడానికి కూడా పక్కకు జరపలేరు. మోనోకాక్ బాడీకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుమ్మాల కింది సిల్లులు, ఫ్లోరు కలిసే బాడీ బరువు మోస్తాయి. అవి తుప్పుపట్టి ఉండగా అసమానంగా ఇటుకలు పెడితే డోర్ల సందులు మారిపోతాయి. సిల్లు కోసే ముందు డోర్ సందులో 25 మి.మీ. చదరపు పైపును అడ్డంగా, ఐమూలగా టాక్ వేసి (చుక్కల్లా చిన్న వెల్డులతో) బిగించాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయాలి. ఫ్లోరుకు 20 గేజి, సిల్లుకు 18 గేజి రేకు సరిపోతుంది. మిగ్ వెల్డింగు 10, 15 మి.మీ. ముక్కలుగా, ఇక్కడొకటి అక్కడొకటి వేస్తూ పోవాలి. ఒకే గీతగా లాగితే రేకు అలలు తేలుతుంది.

కర్నూలు బండి కొంటుంటే 2009 అక్టోబరు వరదలో మునిగిందా అని అడగాలి. అడిగినా నిజం చెప్పకపోవచ్చు కాబట్టి వెనక సీటు తీసి మూలల్లో, సిల్లు నీళ్లు దిగే రంధ్రాల్లో తీగ పెట్టి గీకి చూడాలి. ఎండిన సన్నటి బురద రాలితే లోపలి రేకు గుల్లయిందని అనుకుని బేరమాడాలి.

సామాను తెప్పించే వరుస

డబ్బు తక్కువై ఆగిపోయిన పనులకన్నా వరుస తప్పి ఆగిపోయినవే ఎక్కువ కనిపిస్తాయి. అందులో మొదటిది బోరింగు. పిస్టన్ సెట్టు చేతికి రాకముందే బ్లాకును లేత్ షాపుకు పంపి బోరు చేయించేస్తారు. సిలిండర్ బోరు మూల కొలత 68 మి.మీ.; పెంచిన కొలతకు సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్ దొరక్కపోతే బ్లాకు మూలన పడుతుంది. పిస్టన్ చేతికి వచ్చాక, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేయించాలి. తిరిగి వచ్చిన బ్లాకుకు ఆ రోజే లోపలా బయటా ఇంజన్ ఆయిల్ రాసి మందపాటి కవరులో చుట్టాలి.

అనంతపురం వాళ్లకు బెంగళూరు జేసీ రోడ్డు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ రాణిగంజ్, కడప వాళ్లకు చెన్నై పుదుపేట దగ్గర. పాత ముక్క చేత్తో పట్టుకెళ్లాలి. ఫోన్‌లో "పద్మినిదే కదా" అని తెప్పించినవి సగం తిరిగి పంపాల్సి వస్తుంది, ఎందుకంటే ఇన్నేళ్ల తయారీలో చాలా భాగాలు మారుతూ వచ్చాయి. గేరు లింకేజీ, డోర్ హ్యాండిళ్లు లాంటివి కనిపించినప్పుడే కొని పెట్టుకోవాలి. అద్దాల బీడింగు, డోర్ రబ్బర్లు మాత్రం ఆఖర్న కొనాలి. మూడు ఎండాకాలాలు షెడ్డులో పడి ఉన్న కొత్త రబ్బరు బిగించే రోజుకే చిట్లుతుంది. బంపర్లను క్రోమ్ షాపుకు పంపడం కూడా ఆఖరి పనే. ముందే మెరిపించుకుని దాచుకుంటే గీతలు పడతాయి.

ప్రైమరు, పెయింటు, కాలం

మామూలు రెడ్ ఆక్సైడ్ పూసి ఏడాది వదిలేసిన రేకును గీకి చూస్తే కింద చిలుము మొలిచి ఉంటుంది, అది తేమను ఆపదు. పని ఆగే అవకాశముంటే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమరే వేయాలి. ఒక హెచ్చరిక: తుప్పు మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రవం వాడితే దాన్ని పూర్తిగా కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ వేయాలి. యాసిడ్ మిగిలితే ప్రైమరు గట్టిపడదు, పొరగా లేచి వస్తుంది. పుట్టీ రెండు మూడు మి.మీ. దాటితే అది పుట్టీ పని కాదు, టింకరింగ్ మేస్త్రీ పని.

రంగు వేయడానికి మన దగ్గర నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలే అనువు. ఏప్రిల్, మే నెలల్లో థిన్నర్ గన్ నుంచి రేకు చేరేలోపే ఆవిరైపోయి రంగు ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. జూన్ నుంచి వీచే గాలికి రామగిరి దగ్గర కరెంటు తీసే గాలిమరలు తిరుగుతాయి గానీ, తలుపుల్లేని షెడ్డులో రంగు నిలవదు, అంతా దుమ్మే. అక్టోబరు వానల్లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు వేస్తే తేమకు తెల్లగా పాలిపోతుంది. ఈ నెలలు దాటిపోయాయంటే పెయింటును వచ్చే చలికాలానికి నెట్టేసి వైరింగో సీట్లో చూసుకోవడం మేలు.

ఆపక తప్పనప్పుడు

పెళ్లిళ్లు, బదిలీలు, వ్యవసాయం పనులు ఉంటాయి. అలాంటప్పుడు బండిని చెడకుండా నిద్రపుచ్చే పని ఒక సాయంత్రంలో అవుతుంది. అది చేయకుండా వదిలేసిన బండి దగ్గరికి తిరిగి వచ్చినప్పుడే గుండె జారుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా కలిపే ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, పంపు డయాఫ్రమ్‌నూ పాత రబ్బరు పైపులనూ తినేస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో 15, 20 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి క్రాంక్ పుల్లీని చేత్తో తిప్పాలి. నెలకోసారి తిప్పుతూ ప్రతిసారీ వేరే చోట ఆపాలి. రేడియేటర్‌లో వట్టి నీళ్లుంటే దించేయాలి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి చక్రాలకు చెక్కలు పెట్టాలి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టి, 12.4 వోల్టుల కన్నా తగ్గితే ఛార్జి చేయాలి. సైలెన్సర్ మూతికి, ఎయిర్ క్లీనర్ మూతికి ఇనుప జల్లెడ కట్టకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. కవరు గుడ్డదే వాడాలి. నేరుగా కప్పిన టార్పాలిన్ కింద చలికాలం మంచుకు పైకప్పు అంతా చెమర్చుతుంది.

పండగ గడువు, వీడియోలు

ఆయుధపూజ నాటికి బండి మొత్తం అయిపోవాలని పెట్టుకున్న గడువుకు పదికి మూడు. ఆఖరి వారంలో తుప్పు మీదే పుట్టీ పడుతుంది. ఆ గడువునే "ఆయుధపూజకు ఇంజన్ స్టార్ట్" అని తగ్గించుకుంటే ఎనిమిది ఇస్తాను. ఇంజన్ చప్పుడు వినిపించిన ఇంట్లో ఆ బండిని గుజరీకి వేసేయమనే మాట ఆ ఏడాదికి ఆగుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పాత ట్యాంకు కలపకుండా, శుభ్రమైన డబ్బాలో పెట్రోల్ పెట్టి పైపు పంపుకు ఇవ్వాలి. డబ్బా సైలెన్సర్‌కు దూరంగా, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరకపోతే వెంటనే ఆపేయాలి.

రిస్టోరేషన్ వీడియోలకు రెండే. అరగంటలో మెరిసే బండి చూశాక మన షెడ్డులోని బ్రేక్ డ్రమ్ము ఎవరికి కావాలి? ఫలానా గేరు లింకేజీ ఎలా బిగించాలో వెతికి చూడటం వరకే వాటి ప్రయోజనం.

ఆర్‌సీ

చాలామంది ఆఖర్న చూసుకునేది ఇదే, కానీ విప్పే ముందే చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆపై ఐదేళ్లకోసారి పొడిగింపు. పొడిగింపుకు బండిని తనిఖీకి చూపించాలి. ముక్కలుగా ఉన్న పద్మినిని ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్లలేం. గడువు దాటితే నెలకు 500 రూపాయల ఆలస్య రుసుము కలుస్తూ పోతుంది. ఏపీ 02 (అనంతపురం), 04 (కడప), 21 (కర్నూలు) పాత నంబర్లతో నడిచే స్థితిలో ఉన్న బండి దొరికితే, ముందు పొడిగింపు చేయించుకుని ఆ తర్వాతే స్పానర్ పట్టాలి.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదుకు 20,000, పొడిగింపుకు 5,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో వీఏ అక్షరాలు. రోజువారీ తిరుగుడుకు మాత్రం పనికిరాదు. 1960ల్లో ఫియట్ పేరుతో ఇదే బాడీలో వచ్చినవి ఆ వయసు దాటాయి. పద్మిని పేరు 1970ల్లో వచ్చింది కాబట్టి చాలా పద్మినిలు ఇంకా దాటలేదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మూల రూపంలో ఉండాలన్నది అందులో షరతు. డీజిల్ ఇంజన్ దింపేసిన పద్మినిని ఆ లెక్కలో కొనకండి.