షియావ్ జాన్ కోసం కట్టిన ఏడాది చందా

చైనా నటుడు షియావ్ జాన్ నటించిన ధారావాహికలను మొదటినుంచి వరుసగా చూడాలన్న కోరికతో, ఆసియా డ్రామాలు అందించే ఒక ఓటీటీకి నిరుడు ఏడాది చందా కట్టాను. మల్కాజిగిరిలోని మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక రోజుకు రెండు ఎపిసోడ్లు చూసేవాళ్లం. మా అత్తగారికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు కనుక, పక్కనే కూర్చుని కథ నేను చెబుతూ ఉండేదాన్ని.

1991లో చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో పుట్టిన షియావ్ జాన్ డిజైన్ చదువుకుని, కొంతకాలం ఆ పనే చేసి, 2015లో ఒక టీవీ టాలెంట్ షో ద్వారా వినోద రంగంలోకి వచ్చి, ఎక్స్ నైన్ అనే బృందంలో గాయకుడయ్యాడు. అతన్ని చైనా ఎల్లలు దాటించింది 2019లో టెన్సెంట్ వీడియో అనే చైనా ఓటీటీలో వచ్చిన 50 ఎపిసోడ్ల ధారావాహిక ‘ది అన్‌టేమ్డ్’. అందులో అతను పోషించిన వెయ్ ఊషియెన్ అనే పాత్ర, తనను పెంచిన ఇంటి ఆడపిల్లను ‘షిజ్యె’ అని పిలుస్తాడు. ఒకే గురువు శిష్యులలో తనకన్నా పెద్దదైన అమ్మాయిని పిలిచే పిలుపు అది. తామరదుంపల సూప్ కాచిపెట్టే ఆ అక్క ‘నీకెన్నేళ్లు?’ అని అడిగితే, ఎదిగిన ఆ యువకుడు గారంగా ‘మూడేళ్లు’ అంటాడు. మనకు ‘అక్కా’ అన్న ఒక్క పిలుపుతో తెలిసిపోయే ఆ చనువును, నేను చందా కట్టిన చోట సబ్‌టైటిల్ ఆమె పేరుగా మార్చేసి పోగొట్టింది. చిత్రం మాత్రం ఎక్కడా ఆగకుండా, స్పష్టంగా వచ్చింది.

2022లో వచ్చిన ‘ది ఓత్ ఆఫ్ లవ్’లో వైద్యుడి పాత్ర హాయిగా ఉంది, అంతకుమించి నాకేమీ మిగల్లేదు. అసలు సంగతి ‘ది లెజెండ్ ఆఫ్ జాంగ్ హాయ్’ దగ్గర తెలిసింది. 2025 మే నెలలో యోకూ అనే చైనా ఓటీటీలోనూ, సీసీటీవీ-8 అనే టీవీ చానల్‌లోనూ మొదలైన ఈ 40 ఎపిసోడ్ల కథకు దర్శకుడు జంగ్ షియావ్‌లొంగ్. మొదటి రాత్రే మా అత్తగారు “ఈ అబ్బాయి గొంతు మారిందేమిటమ్మా?” అన్నారు. ఆవిడ చెవి పొరబడలేదు. ‘ది అన్‌టేమ్డ్’లో అతనికి గొంతు అరువిచ్చినది లూ జషింగ్ అనే డబ్బింగ్ కళాకారుడు. చైనా జానపద, చారిత్రక డ్రామాలలో ఇది మామూలే. ‘ఏ మాయ చేసావె’లో సమంతకు చిన్మయి గొంతును ఆదరించిన మనకూ ఇది కొత్త కాదు. ఈ కథలోని నాయకుడు జాంగ్ హాయ్‌కి మాత్రం షియావ్ జాన్ తన సొంత గొంతే ఇచ్చాడు. తన కుటుంబాన్ని చంపించినవాడి ఇంట్లోనే కొలువు చేస్తూ తలవంచుకుని బదులిచ్చే ఆ పాత్రలో, గొంతు పెంచే వీలు లేని చోట మాట చివర కొద్దిగా బరువెక్కి ఆగిపోతుంది. అంతకుముందు అతని అందానికి వచ్చిన పేరే ఎక్కువని అనుకున్న నేను, ఆ తగ్గు స్వరం విన్నాకే నటుడిగా అతన్ని నమ్మాను.

అందుకే ఈ చందా తీసుకునేవారు అసలు చైనా ధ్వనినే ఎంచుకోవాలని నా సలహా. చీకటి దృశ్యాలు ఎక్కువ కనుక ఫోన్‌లో కాకుండా టీవీలో చూడాలి. తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వమని వినియోగదారుల సేవా విభాగానికి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. చందా గడువు తీరాక ఏడాదికి కట్టడం మానేసి, షియావ్ జాన్ కొత్త ధారావాహిక వచ్చిన నెలకు మాత్రమే కడుతున్నాను.